గుట్టకింద చేనులో గోల్ఫు పందెం

గోల్ఫు ఆట గురించి ఎవురన్నా నా ముందర గొప్పగా మాట్లాడితే నాకు నవ్వొస్తాది. ఆ ఆట నేను చూసినా. ఉత్తగా చూసేదేంది, ఆటగాని సంచి నెత్తిన పెట్టుకొని గ్రౌండంతా తిరిగినా. నమ్మనోళ్ళు నమ్మొద్దు, నాకేం పోయింది.

అప్పటికి తెల్లోళ్ళు పోయి పదేండ్లు దాటింది. మా అక్క మొగుడు వాళ్ళు వదిలిపెట్టిపోయిన క్లబ్బులో గ్రౌండు మేస్త్రీ. ఒకప్పుడు ఆ గుట్టల్లో బంగారు గని ఉన్నింది. గని తవ్వించే దొరలు సాయంత్రం ఆడుకునేకి గ్రౌండు, కూచునేకి రాతిమిద్దె, పండుకునేకి వరసగా గదులు కట్టించుకున్నారు. బంగారం అయిపోయింది, దొరలూ పోయినారు. గ్రౌండు యాడికి పోతాది? బెంగుళూరు పెద్దమనుషులు కొందరు కమిటీగా చేరి దాన్ని నడుపుతా, శనాదివారాలు కార్లేసుకొని వచ్చేవాళ్ళు. గోడల మీద దొరల ఫోటోలు, జింకల తలకాయలు అట్లే ఉండేవి. వంట చేసే సాయిబు గూడా దొరల కాలం నాటోడే. ఆయన చెయ్యి తగిలితే కోడిగుడ్డు కూడా ఇంగిలీషులో ఉడికేది.

ఆ ఏడు ఎండాకాలం చివర అక్క కబురు పంపింది, క్లబ్బులో పెద్ద పందెం జరుగుతాది, సాయిబుకు వంటింట్లో ఆసరా కావల్ల, వచ్చి పో అని. మా ఊరు పామిడి పక్కన. ఏట్లో ఇసుక తప్ప నీళ్ళు లేవు, చేన్లో పని లేదు. మూట కట్టుకొని బస్సెక్కినా.

దిగి చూస్తే ఏముండాది? ఎర్రమన్ను, గులకరాళ్ళు, జిల్లేడు చెట్లు, అక్కడక్కడ ఒక జెండా.

"బావా, యాడ మీ గ్రౌండు?" అంటి.

"నువ్వు నిలబడిండేది దాని మీదనే మ్మే," అన్నాడు బావ.

జెండా చుట్టూ మాత్రం నల్లగా, నున్నగా, గుండ్రంగా కళ్ళం మాదిరి ఉన్నింది. వేరే ఊర్లలో అయితే ఆ జాగాలో పచ్చగడ్డి పెంచుతారంట. మనుషులు తాగేకే నీళ్ళు లేని మా సీమలో గడ్డికి యాడ తెస్తారు? అందుకని దొరలు ఇసుకలో ఇంజనాయిలు కలిపి పరిచి, ఎద్దులతో రాతిగుండు తోలి గట్టి చేయించినారు. బంతి దాని మీద జారుకుంటా పోయి జెండా కింద గుంతలో పడల్ల, అదీ ఆట. నేను నిజంగా కళ్ళమే అనుకొని, చెప్పులిప్పి చేతబట్టుకొని భక్తిగా దాని మీద నడిచినా. బావ తల బాదుకుంటా ఉరికొచ్చినాడు. "లచ్చిందేవి మాదిరి అడుగులేస్తివి గదే తల్లీ! రేపు బంతి వచ్చి నీ కాలి గుంటలో పండుకుంటే సెక్రెటరీ సారుకు నేనేం చెప్పల్ల?" అంటా మళ్ళీ దాన్ని పలకతో సాపు చేసుకున్నాడు.

ఈ సెక్రెటరీ సారు మిలిటరీలో మేజరుగా చేసి దిగినాయన. గోదావరి పక్కాయన, ఒంటిమనిషి, క్లబ్బులోనే ఒక గదిలో ఉండేవాడు. మీసాలు చూస్తే భయమేసేది గానీ అన్నం తినేటప్పుడు పక్కన ఎవురన్నా ఉంటే బాగుండునని వంటింటి గడప దగ్గరకే కుర్చీ లాక్కొని తినేవాడు. ఆయనకు ఒకటే ఆశ. గోల్ఫే బతుకుదెరువుగా ఆడే ఆటగాళ్ళుంటారు గదా, వాళ్ళ పోటీ ఒకటి తన క్లబ్బులో జరగల్లని. ఆ పోటీ ఎప్పుడూ బెంగుళూరులోనే జరిగేది. ఆ ఏడు ఆడ ముందస్తు వానలు పడి గ్రౌండు చెరువైపోయిందంట. ఈయన ఉరికిపోయి పోటీ పెట్టేవాళ్ళతో చెప్పినాడు, "మా దగ్గర పెట్టండి. వాన చుక్క పడదు, పూచీ నాది," అని. మా కరువును అంత గర్వంగా చెప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు.

వచ్చి బావను పిలిచినాడు. "మేస్త్రీ, ఈ పోటీ సవ్యంగా జరిగిందా, కమిటీకి చెప్పి నిన్ను పర్మనెంటు చేయిస్తాను. ఏ కాస్త తేడా జరిగినా క్వార్టరు ఖాళీ చేసి నీ దారి నువ్వు చూసుకోవాలి. ఆపైన నన్ను అనుకుని లాభం లేదు."

క్వార్టరు పోతే బావకు తలదాచుకునేకి గుడిసె లేదు. పెండ్లాన్నీ తల్లినీ ఎంటబెట్టుకొని బెంగుళూరికి మట్టిపనికి పోవల్సిందే. అందుకని అక్క తెల్లారి లేస్తానే తూర్పుకు తిరిగి, "పందెం బాగా జరగల్ల సామీ," అని మొక్కేది. బావ తల్లి, మేమంతా అవ్వ అంటాం, ఆ పక్కనే నిలబడి, "వాన పడల్ల సామీ," అని మొక్కేది. ఒకే ఇంట్లోనుంచి రెండు అర్జీలు పోతాంటే దేవుడు మాత్రం ఏం చేస్తాడు?

పనులు అట్లా ఇట్లా జరగలేదు. రాళ్ళకు సున్నం కొట్టినారు. చెట్లకు సున్నం కొట్టినారు. కదలకుండా నిలబడి ఉంటే నాకూ కొట్టేవాళ్ళేమో. సాయిబు మైదాపిండిలో నన్ను ముంచి తేల్చినాడు. అన్నిటికంటే పెద్ద పని మూడో జెండాకు పొయ్యే దారి. అది గుట్టకింద పరుచుకొనిన బయలు. ఆడ రాళ్ళెక్కువ, బంతి కొట్టేటప్పుడు ఆటగాళ్ళ ఇనుపకట్టెలు దెబ్బతింటాయని సెక్రెటరీ సారు భయం. రాళ్ళన్నీ ఏరించి, మన్ను గుల్ల చేసి, తర్వాత గుండు తోలి నున్నగా చెయ్యమన్నాడు. బావ రాళ్ళేరించినాడు. క్లబ్బులో నీళ్ళబండికని ఒక జత ఎద్దులుండేవి, వాటికి గుంటక కట్టి బయలంతా తోలినాడు. గుండు తోలేది మరుసటి రోజుకు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అవ్వ కట్టె పట్టుకొని ఆడికి పోయి నిలబడుకున్నింది. ఆ బయలు ఒకప్పుడు వాళ్ళ చేనే. అవ్వ కాపురానికొచ్చిన ఏడు ఆ చేన్లోనే ఇత్తనమేసిందంట. తర్వాత ఎవురో దొర గుర్రం మీద వచ్చి కట్టెతో ఇట్లా చూపించినాడు, ఆ పొద్దుతో చేను గ్రౌండైపోయింది. అవ్వ మాత్రం చచ్చినా దాన్ని గ్రౌండు అనేది కాదు. గుట్టకింద చేను అనే అనేది.

వంగి పిడికెడు మన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, "ఏమిరా, ఇంత బాగా చేసినావే, దీంట్లో ఏమేస్తావు?" అని బావను అడిగింది.

"బంతులు మా."

"మొలుస్తాయా?"

బావ ఎద్దుల్ని తోలుకొని కొట్టం పక్కకు పోయినాడు.

మరుసటి రోజు గుండు తోలేకి తీరలేదు. ఆటగాళ్ళు మధ్యాన్నానికే కార్లలో దిగినారు, వాళ్ళ పెట్టెలు మొయ్యను, స్నానాలకు నీళ్ళు కాచను బావకు సరిపోయింది. తెల్లారి ఎండ రాకముందే గుండు తోలేద్దాంలే అనుకున్నాడు. ఆటగాళ్ళు వరండాలో కూచొని టీ తాగుతాండారు. సెక్రెటరీ సారు వాళ్ళకు ఆకాశం చూపించి ఏమో చెప్తాండాడు. అప్పుడు పడమర గాలి తిరిగింది. చూస్తాండంగానే గుట్ట కనపడకుండా పోయింది. ఇంక చూడు నాయనా, కుండలు బోర్లించినట్ల దిగింది వాన.

వాన పడితే మా సీమలో ఎవురూ ఇంట్లో ఉండరు. నేను, అక్క, సాయిబు, పనోళ్ళు అందరం బయటికొచ్చి తడిసినాం. సాయిబు గడ్డం పిండుకుంటా నవ్వుతాండాడు. అవ్వ కట్టె అవతల పడేసి రెండు చేతులూ ఆకాశానికెత్తి నిలబడుకున్నింది. సెక్రెటరీ సారు వరండా అంచున నిలబడి అరిచినాడు.

"మేస్త్రీ! ఏమిటిది?"

"వాన సార్."

"వానని నాకు తెలుసు! ఇక్కడెందుకు పడుతోంది?"

"నాకూ తెలీదు సార్. నేను చూసి మూడేండ్లాయె."

బావ మొగం నేను బాగా చూసినా. నోరేమో సెక్రెటరీ సారు కోసం ఏడుస్తాంది, కండ్లేమో నవ్వుతాండాయి. నాకు జాలేసింది.

తెల్లారేసరికి మబ్బు ఇరిసిపోయి, ఆకాశం కడిగినట్ల ఉన్నింది. గ్రౌండులో నీళ్ళు నిలవలేదు, మా మన్ను అన్నీ తాగేసింది. ఆడేకి ఏం అడ్డం లేదు. కానీ సంచులు మోసేకి, బంతులు వెతికేకి, గుండు తోలేకి రావల్సిన మనుషులు ఒక్కరూ రాలేదు. ఎందుకొస్తారు? పదును పడింది. మన్నులో తడి ఆరేలోపల గింజ పడల్ల, ఆరిందా ఇంక ఆ ఏడు అంతే. ఆ పొద్దు పెండ్లి పెట్టుకున్నోడు గూడా తాళి కట్టి నేరుగా చేనికే పోతాడు. బావ సైకిలేసుకొని పక్క పల్లెలకు పోయినాడు, మనుషుల్ని బతిమాలి పిలుచుకొచ్చేకి. అక్క వంటింట్లో సాయిబు దగ్గరుంది. క్వార్టరు దగ్గర నేను, అవ్వ మిగిలినాం.

అవ్వ కొట్టం అటక మీదనుంచి ఇత్తే గొర్రు దింపింది. ఎన్నేండ్లనుంచో ఆడ బూజు పట్టి ఉన్నింది అది. తర్వాత మూలనుంచి మూతికి పేడ మెత్తిన కుండ తెచ్చి పగలగొట్టింది. దాన్నిండా శెనక్కాయ ఇత్తనం, మీద గుడ్డలో మూటగట్టిన వేరే గింజలు కొన్ని. మూడేండ్ల కరువులో ఆకలైనా ఎవుర్నీ ముట్టనియ్యకుండా ఏడాదికేడాది యాడనో పాతది ఇచ్చి కొత్తది మార్చి తెచ్చి దాచిన ఇత్తనం.

"పట్టు," అన్నింది.

"అవ్వా, అది గ్రౌండు. బావ పని పోతాది."

"నేను సచ్చేలోగా ఇంకోసారి ఇట్లాంటి దుక్కి మీద ఇట్లాంటి పదునొస్తాదని నువ్వు రాసిస్తావా? రాసియ్యి, ఊరకుంటా."

నేను రాసియ్యలేకపోయినా. తప్పంటారా, అనుకోండి. ఆ మన్ను మీరు చూసింటే మీరు గూడా పట్టేవాళ్ళే. అవ్వ గొర్రుకు కుంకుమ పెట్టి బెల్లంముక్క చూపించి, మొగోళ్ళు పట్టే మేడి తాను పట్టుకొనింది. గొర్రు మీద కొయ్యగిన్నె ఉంటాది, దాంట్లోకి పిడికిట్లోనుంచి గింజలు వదులుతా పోతే గొట్టాలెంబడి జారి సాలులో పడతాయి. నేను గింజలు వదులుతా ఎనకాల నడిచినా. నీళ్ళబండి లాగి లాగి ఇసుగుపుట్టిన ఎద్దులు కూడా హుషారుగా పోయినాయి. కాళ్ళ కింద మన్ను మెత్తగా, చల్లగా ఉంటే నాకు సంతోషం తట్టుకోలేక ఏడుపొచ్చింది. అవ్వ మాత్రం ఏడవలా, నా చెయ్యి వాలుగా పెట్టమని తిడతానే ఉన్నింది.

పొద్దెక్కేసరికి బయలంతా ఇత్తేసినాం. అప్పుడొచ్చినాడు బావ, ఒంటిగా. దూరంనుంచే సాళ్ళు చూసి సైకిలు వదిలేసినాడు. అది దాని పాటికది కొంచెం దూరం పోయి పడింది.

"మా! నా కొంప ముంచితివి గదే!"

"మునిగేకి ఇన్ని నీళ్ళు మనకు ఏ పొద్దు వచ్చినాయిరా?" అన్నింది అవ్వ.

ఇంకా టైముంది. గుండు తెచ్చి తోలితే సాళ్ళన్నీ పూడిపోయి నున్నగా అవుతాది, ఎవురికీ తెలీదు. బావ పోయి గుండుకు ఎద్దుల్ని కట్టుకొని తెచ్చినాడు. చేను అంచున నిలిపినాడు. ఎద్దుల పగ్గం ఎత్తినాడు, మళ్ళీ దించినాడు. ఇంతలో అక్క వచ్చి సంగతి చూసి, "తోలు, లేదంటే ఈ సాయంత్రానికి మనం రోడ్డు మీద పడతాం," అన్నింది. అంటానే మళ్ళీ తనే, "వద్దులే," అని కొంగు నోట్లో కుక్కుకొనింది. ఇత్తిన చేను మీద గుండు తోలే చేతులు మా ఇంట్లో ఎవురికీ లేవు. బావ ఎద్దుల్ని ఇప్పేసినాడు.

పందెం మొదలైంది. సంచులు మోసేకి మనుషులు లేరని అక్కను, నన్ను, సాయిబును కూడా పిలిచినారు. అందరికంటే పేరున్న ఆటగాని సంచి నాకు తగులుకొనింది. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, నల్లటి మనిషి, ఎక్కువ మాట్లాడడు. భుజానికి తగిలించుకోమన్నాడు. నాకు అది చేత గాక చుట్టకుదురు పెట్టి నెత్తిన పెట్టుకొని చేతులు ఊపుకుంటా నడిచినా. ఆయన రెండుసార్లు ఎనక్కి తిరిగి చూసి, పోనీలే అనుకున్నట్లున్నాడు.

రెండు జెండాలు దాటి గుట్టకింది బయలుకొచ్చినాం. ముందరే సాలు ఎంబడి సాలు, దువ్వెనతో దువ్విన తల మాదిరి. ఆటగాళ్ళు దూరంనుంచి కొట్టిన బంతులు మూడు దాని నడుమ పడి ఉన్నాయి. గట్టు మీద అవ్వ ఒళ్ళో రాళ్ళు పోసుకొని కూచొని గువ్వల్ని తోలుతాంది. గింజలు పైకి తేలి ఉంటే అవి ఏరుకొని తినేస్తాయి గదా.

మాతోపాటే నడుస్తాండిన సెక్రెటరీ సారు మొగం ఎర్రగా అయింది. "ఎవరు చేశారీ పని?"

"నేనే సార్," అన్నాడు ఎనకాలే వస్తాండిన బావ.

"వాడు గాదప్పా," అన్నింది అవ్వ గట్టు మీదనుంచి, "వానికి ఇత్తేది గూడా సరిగా రాదు. నేను ఇత్తినా. నా చేను."

"మేస్త్రీ, సాయంత్రానికి క్వార్టరు ఖాళీ చెయ్యి!"

అక్క సంచి కింద పెట్టేసి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండి, సారు మీసాల మీద ఏమనాల్నో అని మాట వెతుక్కుంటాన్నా. అప్పుడు నా ఆటగాడు ముందుకొచ్చి, సాలు పక్కన గొంతుకూచొని, మన్నులో వేలు పెట్టి చూసినాడు.

"ఈ పొద్దే ఇత్తినారా?" అన్నాడు. తెలుగు! కోలారు పక్క తెలుగు. అప్పటిదాకా ఇంగిలీషు తప్ప రాదనుకుంటి.

"తెల్లారి," అన్నా నేను.

లేచి, సెక్రెటరీ సారు ముందరే తెల్ల బూట్లు ఇప్పినాడు. మేజోళ్ళు ఇప్పినాడు. ప్యాంటు మడతపెట్టినాడు.

"ఏమిటండీ ఇది! రూల్సు..."

"రూల్సు తర్వాత చూస్తాం సార్. ఇత్తిన చేన్లో బూట్లతో పోయినానని తెలిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానియ్యదు."

సాలుకూ సాలుకూ నడుమ, గింజ మీద కాలు పడకుండా, వేళ్ళ మీద నడుచుకుంటా పోయి బంతి తెచ్చుకున్నాడు. తెచ్చి గట్టున పెట్టుకున్నాడు. మిగతా ఆటగాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకొని ఒక్కొక్కరే బూట్లిప్పినారు. ఒకాయన మేజోడు బొటనేలి దగ్గర చినిగి ఉన్నింది, అందుకే ఆలోచిస్తాండాడనుకుంటా. ఆఖరికి సెక్రెటరీ సారు ఒక్కడే బూట్లతో మిగిలినాడు.

"ఏమప్పా, నీకు వేరేగా చెప్పల్లనా?" అన్నింది అవ్వ.

ఆయన గట్టు మీద కూలబడి దారాలు ఇప్పుకున్నాడు. మిలిటరీ బూట్లు, చానాసేపు పట్టింది.

అంతటితో అయిందా? ఆటగాడు గట్టుమీదనుంచి బంతి కొట్టేకి కట్టె ఎత్తినాడు. అందరూ ఊపిరి బిగబట్టినారు. ఆ ఆటలో అప్పుడు చీమ గూడా దగ్గకూడదంట. సరిగ్గా అప్పుడే అవ్వ, "హోయ్! హోయ్! మీ నోట్లో మన్నుబడ!" అని గువ్వల మీదికి రాయి విసిరింది.

"అవ్వా, ఒక్క నిమిషం ఊరకుండవా," అన్నాడు ఆటగాడు మర్యాదగా.

"గువ్వలకు చెప్పు నాయనా. అవి ఊరకుంటే నేనూ ఉంటా."

ఆయన నవ్వి, అవ్వ అరుపుల మధ్యనే కొట్టినాడు. ఎవురు గెలిచినారో నాకు తెలీదు, అడగనూ లేదు. పొయ్యేటప్పుడు ఆటగాళ్ళు నవ్వుకుంటానే కారెక్కినారు గానీ, ఆ పోటీ మళ్ళీ మా పక్కకు రాలేదు.

సాయంత్రం మేము మూటలు కట్టి పెట్టుకున్నాం. బావను పిలిచినారు. ఎనకాలే నేనూ పోయినా, సారు మీసాలకు నేను వెతుక్కున్న మాట ఇంకా నోట్లోనే ఉన్నింది.

"కమిటీ ఊరుకోదు మేస్త్రీ," అన్నాడు సెక్రెటరీ సారు, మా పక్క చూడకుండా. "నేను చెప్పిన మాట చెప్పినట్టే. నువ్వు వెళ్ళాల్సిందే."

"సరే సార్. చేను?"

ఆయన కిటికీలోనుంచి గుట్ట పక్క చూసినాడు. గోదావరి నీళ్ళు తాగినా రైతు బిడ్డే అనుకుంటా. "వేసిన పంటను వదిలేసి పొమ్మని నేను అనలేను. పంట చేతికొచ్చేదాకా ఉండు. ఆ తర్వాత ఒక్క రోజు కూడా వీల్లేదు."

నా నోట్లో మాట నేను మింగేసుకున్నా.

కార్తీకంలో శెనక్కాయ పీకేకి నేను మళ్ళీ పోయినా. కుప్ప వేసినాక సెక్రెటరీ సారు వచ్చి, "ఇంక బయల్దేరు మేస్త్రీ," అన్నాడు.

"కందులుండాయి సార్," అన్నాడు బావ. మా సీమలో శెనక్కాయ ఒక్కటే ఎవురూ వెయ్యరు. నడుమ నడుమ ఒక సాలు కంది వేస్తారు. అది కోతకొచ్చేసరికి చలి కూడా పోతాది. సారు తల ఊపి పోయినాడు.

కంది కోసినారు. సారు మళ్ళీ వచ్చినాడు.

"గట్టెంబడి ఆముదాలుండాయి సార్."

ఈసారి ఆయన నమ్మలేదు. స్వయంగా వచ్చి చూసినాడు. నేను ఆ పొద్దు అక్కను చూసేకి వచ్చి ఆడనే ఉన్నా. ఆముదం చెట్లు ఆయన తలకంటే ఎత్తు పెరిగినాయి. ఒక ఆకు పట్టుకొని చూసి, "ఈ పంట ఎప్పుడు అయిపోతుంది?" అన్నాడు.

బావకు అబద్ధం రాదు. అక్క కండ్లతో సైగ చేస్తాన్నా చూడకుండా, "కొట్టేస్తే ఈ పొద్దే అయిపోతాది సార్. కొట్టకుంటే ఏండ్లకేండ్లు అట్లే ఉంటాది," అన్నాడు.

అక్క తల పట్టుకొనింది. సెక్రెటరీ సారు క్వార్టరు పక్క చూసినాడు. అవ్వ వాకిట్లో కందులు చెరుగుతాంది.

"అయితే కొట్టొద్దులే," అన్నాడు.